అరకు అవతలి రాజు, విశాఖలో సైన్స్ కాలేజీ: విక్రమదేవ వర్మ జీవితం

విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్స్ కాలేజీలో చదివిన వాళ్ళు మన ఇళ్ళల్లో చాలామందే ఉంటారు. మామూలుగా అందరూ ఏయూ సైన్స్ కాలేజీ అనేస్తారు. పెట్టినప్పుడు దాని పేరు మాత్రం జయపూర్ విక్రమదేవ్ కాలేజ్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ. జయపూర్ అనగానే చాలామంది రాజస్థాన్ అనుకుంటారు. ఆ రాజుకు విశాఖతో ఏం పని అని అడుగుతారు కూడా.

ఇది ఆ జైపూర్ కాదు. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలు ఎక్కితే బొర్రా గుహలు, అరకు దాటి, ఒడిశాలో కొరాపుట్ మీదుగా వెళ్తే వచ్చే జయపురం ఇది. చుట్టూ కొండలు, వరి పొలాలు, అడవి. ఒకప్పుడు అక్కడొక పెద్ద జమీందారీ ఉండేది. దానికి చివరి కాలంలో రాజైన మనిషి, తన కొండల ఆదాయంలోంచి సముద్రం ఒడ్డున ఉన్న విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆయనే మహారాజా విక్రమదేవ వర్మ. 1869లో పుట్టి 1951లో పోయారు.

ఆయన గురించి తెలుసుకోవడానికి కారణం ఉంది. ఒక యూనివర్సిటీ వస్తే ఊరు ఎలా మారుతుందో విశాఖను చూస్తే తెలుస్తుంది. ఆ మార్పుకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఆ డబ్బు సంపాదించి పెట్టిన కొండ జనానికి తిరిగి ఏం దక్కింది అనేది ఈయన జీవితం చూస్తే తెలుస్తుంది.

కొండల మీద రాజ్యం

జయపురం రాజులు మొదట్లో నందపురం నుంచి పాలించేవారు. నందపురం కూడా కొరాపుట్ కొండల్లోదే. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఈ రాజులు వాళ్ళకు కప్పం కట్టారు. 17వ శతాబ్దంలో రాజధాని జయపురానికి మారింది. తర్వాత బ్రిటిష్ వాళ్ళు వచ్చారు. 1803లో వాళ్ళు ఈ సంస్థానాన్ని జమీందారీగా గుర్తించి, ఏటా 16,000 రూపాయల పేష్కష్ ఖరారు చేశారు. పదివేల చదరపు మైళ్ళు దాటిన జాగాకు ఆ మొత్తం చాలా తక్కువ. కాలం గడిచేకొద్దీ శిస్తు, అడవి, కలప మీద ఆదాయం పెరిగింది. ప్రభుత్వానికి కట్టేది మాత్రం పెద్దగా పెరగలేదు. మధ్యలో మిగిలినదంతా సంస్థానం ఖజానాకే.

మరి ఆ ఆదాయం ఎవరి చెమట? గదబలు, పోర్జలు, కోదులు, సవరలు, కోయలు. అరకు, పాడేరు వైపు ఉన్న తెగల్లో కొందరు, కొరాపుట్ వైపు ఉన్నవాళ్ళు ఒకరికొకరు చుట్టాలే. మధ్యలో ఇప్పుడు రాష్ట్ర సరిహద్దు ఉంది, అంతే. ఆ రోజుల్లో కొండ మీద వెట్టి ఉండేది. అప్పు తీర్చలేనివాడు షావుకారు దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసే గోతి పద్ధతి ఉండేది. ఒడిశా ప్రభుత్వం దాన్ని చట్టంతో నిషేధించింది 1948లో. అంటే విక్రమదేవ్ జీవితం దాదాపు అంతా ఆ పద్ధతి నడుస్తున్న కాలంలోనే గడిచింది. ఆయన దానం గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి పక్కన పెడితే కథ సగమే చెప్పినట్టు.

అరవై దాటాక గద్దె

విక్రమదేవ్ పుట్టింది రాజవంశంలోనే. కానీ నేరుగా గద్దెకు వారసుడు కాదు. యవ్వనం, నడివయసు చాలావరకు జయపురానికి దూరంగా విశాఖపట్నంలో గడిపారు. అప్పటికి విశాఖ చిన్న పట్నం. యూనివర్సిటీ లేదు, ఇప్పుడున్న హార్బర్ లేదు. సముద్రం, కలెక్టరాఫీసు, కోర్టులు, కొన్ని స్కూళ్ళు, కొంత వ్యాపారం, అంతే. అక్కడే ఆయన చదువులో, సాహిత్యంలో పడ్డారు. ఒడియాలో రాశారు, తెలుగులో రాశారు. సంస్కృతం తెలుసు. ఒడియా పాఠకులు ఆయన్ను సాహిత్య సామ్రాట్ అంటారు. కవులను, పండితులను ఇంటికి పిలిచి ఆదరించేవారు.

1931లో జయపురం మహారాజు రామచంద్రదేవ్ చనిపోయారు. ఆయనకు కొడుకులు లేరు. దాంతో గద్దె విక్రమదేవ్‌కు వచ్చింది. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. ప్రభుత్వ ఉద్యోగి అయితే పెన్షన్ తీసుకుంటూ ఇంటి పట్టున ఉండే వయసు. ఆయనకు మాత్రం చేతికి అధికారం, ఖజానా వచ్చింది అప్పుడే. ఆ వయసులో వచ్చిన డబ్బును ఒక మనిషి దేని మీద పెడతాడో చూస్తే, అన్నేళ్ళూ మనసులో ఏం పెట్టుకున్నాడో తెలిసిపోతుంది.

ఇల్లు దొరకని యూనివర్సిటీ

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. మద్రాసు యూనివర్సిటీ నుంచి విడిపోయి తెలుగువాళ్ళకంటూ ఒకటి కావాలన్న కోరిక అప్పటికి చాలా బలంగా ఉంది. అయితే ఎక్కడ పెట్టాలనే దాని మీద పెద్ద గొడవే నడిచింది. మా ఊరికి కావాలంటే మా ఊరికి అని అన్ని వైపుల నుంచీ పట్టుపట్టారు. మొదట బెజవాడలో పనిచేసింది. చివరికి 1930లో వాల్తేరుకు చేరింది. మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. స్వాతంత్ర్య ఉద్యమం మీద ప్రభుత్వం చేసిన దమనకాండకు నిరసనగా ఆయన పదవి వదిలేశారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా వచ్చారు. అదే ఏడాది జయపురంలో విక్రమదేవ్ గద్దె ఎక్కారు.

అప్పటికి యూనివర్సిటీకి పేరుంది, కొండ మీద స్థలం ఉంది. పరీక్షలు పెట్టి డిగ్రీలిచ్చే పని కూడా జరుగుతోంది. లేనిది డబ్బు. ముఖ్యంగా సైన్స్ చెప్పాలంటే లేబొరేటరీలు కావాలి, పరికరాలు కావాలి, మంచి జీతమిచ్చి మంచి మనుషులను తేవాలి. ఆర్ట్స్ కాలేజీ 1931లో మొదలైంది. సైన్స్ కాలేజీ 1932లో వచ్చింది. దానికి ఆదరువు జయపురం ఇచ్చే ఏటా లక్ష రూపాయల విరాళం. అందుకే కాలేజీకి ఆ పేరు.

లక్ష అంటే ఎంత

నేను చదివింది బీకాం. కాబట్టి ఈ లక్షను కాస్త లెక్క వేసి చూశాను. 1930లలో తులం బంగారం ముప్పై రూపాయల చుట్టుపక్కల ఉండేది. అంటే లక్ష రూపాయలు సుమారు మూడు వేల తులాలకు పైమాటే. అది ఒకసారి ఇచ్చి ఫొటో దిగే మొత్తం కూడా కాదు. ప్రతి ఏడాదీ ఇవ్వాల్సింది.

ఇంకో రకంగా చూద్దాం. బ్యాంకులో నాలుగు శాతం వడ్డీ వస్తుందనుకుంటే, ఏటా లక్ష రావాలంటే 25 లక్షలు అసలు ఉండాలి. యూనివర్సిటీ చేతికి ఆ 25 లక్షలు రాలేదు. ఏటా వచ్చే ఆదాయం మాత్రమే వచ్చింది. కామర్స్ వాళ్ళకు ఈ తేడా బాగా తెలుసు. మన పెద్దలకు కూడా తెలుసు. వక్ఫ్‌లో అసలు ఆస్తిని కదపకుండా కట్టేసి, దాని రాబడిని మాత్రమే ఖర్చు చేస్తారు. ఆస్తి ఉన్నంత కాలం మేలు నడుస్తుంది. జయపురం విరాళంలో అసలు ఆస్తి జమీందారీ. ఆ జమీందారీ మీద సమాజానికి అప్పటికే కోపం పెరుగుతోంది. ఈ సంగతి తర్వాత చెప్తాను.

ఏటా డబ్బు వస్తుందన్న నమ్మకం ఉంటే ఒక సంస్థ పెద్ద ఆలోచన చేయగలదు. సి.వి. రామన్ సిఫారసు మీద సూరి భగవంతం ఫిజిక్స్ చెప్పడానికి ఇక్కడికి వచ్చారు. అప్పటికి ఇంకా ఇరవైల్లోనే ఉన్నారు. కెమిస్ట్రీకి టి.ఆర్. శేషాద్రి వచ్చారు. ఇద్దరూ తర్వాత దేశంలో పెద్ద సైంటిస్టులయ్యారు. ఫిలాసఫీ చెప్పడానికి బెంగాల్ నుంచి హుమాయూన్ కబీర్ వచ్చారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువు ముగించుకుని వచ్చిన ఆయనను పిలిచి ఉద్యోగమిచ్చింది రాధాకృష్ణన్. స్వతంత్ర భారతంలో విద్యాశాఖ చూసినవాళ్ళలో మౌలానా ఆజాద్ మనందరికీ గుర్తే. ఆయన దగ్గర పనిచేసి, తర్వాత కేంద్ర మంత్రి అయిన హుమాయూన్ కబీర్ ఉద్యోగ జీవితం వాల్తేరు కొండ మీద మొదలైందని మనలో ఎంతమందికి తెలుసు?

1933లో టాగూర్ ఇక్కడికి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. తర్వాత ప్రపంచం గుర్తించిన స్టాటిస్టిక్స్ నిపుణుడు సి.ఆర్. రావు గణితం చదివింది ఈ యూనివర్సిటీలోనే.

ఊరు మారిన తీరు

విశాఖ జనాభా 1931 లెక్కల్లో 57 వేల చిల్లర. 1951 నాటికి లక్ష దాటింది. ఇదంతా యూనివర్సిటీ పుణ్యమే అంటే అబద్ధం. 1933లో హార్బర్ మొదలైంది. రాయపూర్ నుంచి విజయనగరం రైలు లైను అదే రోజుల్లో పూర్తయి మధ్య భారతం సరుకు ఇటు రావడం మొదలైంది. 1941లో సింధియా షిప్‌యార్డుకు శంకుస్థాపన జరిగింది. మెడికల్ కాలేజీ అంతకుముందే 1923లో వచ్చింది. ఇవన్నీ కలిసి ఊరిని పెంచాయి.

అయితే హార్బర్ ఇచ్చే పని వేరు, యూనివర్సిటీ ఇచ్చే పని వేరు. ఓడ వచ్చినప్పుడు కూలి ఉంటుంది, లేనప్పుడు ఉండదు. యూనివర్సిటీలో నెల నెలా జీతాలు వస్తాయి. ఆ జీతాలు ఊళ్ళోనే ఖర్చవుతాయి. బయటి జిల్లాల నుంచి వచ్చే పిల్లలు గది అద్దె కడతారు, మెస్‌లో తింటారు, పుస్తకాలు కొంటారు, బట్టలు ఇస్త్రీకి ఇస్తారు. చినవాల్తేరు, పెదవాల్తేరు, మద్దిలపాలెం వైపు పైన ఒక గది వేసి స్టూడెంట్లకు అద్దెకిచ్చుకుని ఇల్లు నడుపుకున్న కుటుంబాలు ఎన్నో. జిరాక్స్ షాపు, టీ కొట్టు, టైపు ఇన్‌స్టిట్యూట్, తర్వాత కంప్యూటర్ సెంటర్, ఇలా ఒకదాని వెనక ఒకటి పుట్టుకొచ్చాయి. మన వాళ్ళు నడిపే టైలరింగ్ షాపులు, బిర్యానీ హోటళ్ళు కూడా అందులో ఉన్నాయి.

ఇది ఎంత నిజమో ఒకసారి ఊరికి గట్టిగానే తెలిసొచ్చింది. 1942 ఏప్రిల్‌లో జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం ఊరొదిలి పారిపోయారు. యూనివర్సిటీ భవనాలను మిలిటరీ తీసుకుంది. క్లాసులు గుంటూరుకు మారాయి. 1946లో గానీ వెనక్కి రాలేదు. పుట్టి పదహారేళ్ళయిన సంస్థ, సొంత ఇల్లు దొరికి పన్నెండేళ్ళయిన సంస్థ, నాలుగేళ్ళు పరాయి ఊళ్ళో గడిపింది. అలాంటప్పుడు చాలా సంస్థలు చెల్లాచెదురైపోతాయి. ఇది కాలేదు. అప్పటికే రెండోసారి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రామలింగారెడ్డి దాన్ని నిలబెట్టుకొచ్చారు. తిరిగొచ్చాక ఇంజినీరింగ్ చదువు కూడా మొదలైంది. తర్వాతి ఏళ్ళలో రిఫైనరీ, షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు అంటూ పెద్ద పరిశ్రమలు విశాఖకు వచ్చినప్పుడు, చదువుకున్న మనుషులు పక్కనే దొరికారు.

గీత అవతలికి వెళ్ళిన దాత

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడింది. జయపురం మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది. ఒక్క రోజులో విక్రమదేవ్ సంస్థానం ఒక రాష్ట్రంలో, ఆయన పేరు పెట్టిన కాలేజీ ఇంకో రాష్ట్రంలో అయ్యాయి.

మన రోజుల్లో అయితే దీని మీద ఎంత రభస జరిగేదో ఊహించుకోవచ్చు. మన డబ్బు వాళ్ళకెందుకు అనే మాట పుట్టడానికి ఎంతసేపు? విక్రమదేవ్ ఒడియా రాష్ట్రం కోరుకున్న మనిషి. ఒడియా సాహిత్యానికి పెద్ద దిక్కు. కటక్‌లో మెడికల్ కాలేజీకి కూడా విరాళమిచ్చారు. అయినా ఆంధ్ర విశ్వవిద్యాలయంతో బంధం తెంచుకోలేదు. యూనివర్సిటీ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఒడియా, తెలుగు రెండూ నావే అనుకున్న మనిషికి గీత ఎటు గీసినా పెద్ద తేడా పడలేదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మనకు ఆ సంగతి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

కొండ మీద ఏం జరుగుతోంది

ఇదే కాలంలో కొండ మీద ఇంకో కథ నడిచింది. 1942 ఆగస్టులో కొరాపుట్ జిల్లా మత్తిలిలో గిరిజనులు పోలీస్ స్టేషన్ ముందు నిరసనకు దిగారు. కాల్పులు జరిగాయి. వాళ్ళను నడిపించిన లక్ష్మణ్ నాయక్‌ను 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు. మత్తిలి జయపురం కొండల్లోదే. వాల్తేరులో ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివిన తరాలు తయారవుతున్న ఆ పదేళ్ళలో, ఆ చదువుకు ఆదాయం పంపిన పల్లెల్లో బడి కూడా అరుదు.

దీన్ని విక్రమదేవ్ ఒక్కరి తప్పు అనడం న్యాయం కాదు. ఆ రోజుల్లో జమీందారీలన్నీ అలాగే నడిచాయి. చాలామంది జమీందార్లు అదే ఆదాయాన్ని వేటకు, విలాసాలకు, తెల్ల దొరల విందులకు పెట్టారు. ఈయన చదువుకు పెట్టారు. అది గొప్ప సంగతే. కానీ దానం చేసినవాడి పేరు గోడ మీద ఉంటుంది, ఆ దానానికి పనిచేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఇది రాసేటప్పుడు నాకు బాగా గుచ్చుకున్న విషయం అదే.

కొండల్లో కాలేజీ చదువు విషయం ఆయన పూర్తిగా మర్చిపోలేదు. 1947లో జయపురంలో కాలేజీ మొదలైంది. తర్వాత అది విక్రమదేవ్ పేరే పెట్టుకుంది. వాల్తేరు సైన్స్ కాలేజీకి, దీనికి మధ్య తేడా పదిహేనేళ్ళు.

1951 ఏప్రిల్ 14న ఆయన కన్నుమూశారు. విశాఖలో రామలింగారెడ్డి కూడా అదే ఏడాది ఫిబ్రవరిలో పోయారు. ఆ వెంటనే ఒడిశాలో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. శతాబ్దాల నాటి జయపురం సంస్థానం ముగిసింది. ముందు చెప్పిన లెక్క ఇక్కడ గుర్తుచేసుకోవాలి. విరాళానికి ఆధారమైన జమీందారీయే పోయింది. కానీ ఆ ఇరవై ఏళ్ళలో కట్టిన లేబొరేటరీలు, తయారైన మనుషులు పోలేదు. అప్పటికి యూనివర్సిటీ తన కాళ్ళ మీద తాను నిలబడింది. ఆ డబ్బు రావలసినప్పుడే వచ్చిందన్నమాట.

అప్పు తిరిగి కొండెక్కుతోందా

ఇప్పుడు ఆ కొండల్లో పరిస్థితి మారుతోంది. 2009లో కొరాపుట్‌లో ఒడిశా సెంట్రల్ యూనివర్సిటీ వచ్చింది. జయపురం విక్రమదేవ్ కాలేజీ 2023లో యూనివర్సిటీ అయింది. మన వైపు 2019లో ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పడింది. మొదట్లో దానికి చేయి పట్టి నడక నేర్పింది ఎవరో తెలుసా? ఆంధ్ర విశ్వవిద్యాలయం. విజయనగరం దగ్గర కొండకరకంలో ఉన్న ఏయూ పాత పీజీ క్యాంపస్‌లోనే దాని క్లాసులు మొదలయ్యాయి. 2023 ఆగస్టులో శాశ్వత క్యాంపస్‌కు విజయనగరం జిల్లాలోనే శంకుస్థాపన జరిగింది. కొండ డబ్బుతో లేచిన యూనివర్సిటీ, దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత కొండ పిల్లల యూనివర్సిటీకి పెద్దన్నలా నిలబడింది.

అయినా అరకు నుంచి పిల్ల అక్కడికి వెళ్ళాలంటే ఘాట్ దిగాల్సిందే. హాస్టల్ ఉంటే వెళ్తుంది, లేకపోతే ఇంటర్‌తో ఆగిపోతుంది. ఈ మాట గిరిజన కుటుంబాలకే కాదు, విజయనగరం, సాలూరు, పార్వతీపురం, పాడేరు లాంటి చోట్ల ఉండే మన కుటుంబాలకూ వర్తిస్తుంది. ఆడపిల్లను దూరం పంపాలంటే మొదటి ప్రశ్న ఫీజు గురించి రాదు. ఎక్కడ ఉంటుంది అనేదే మొదటి ప్రశ్న.

చదువు కొండ దగ్గరికి వస్తే ఏమవుతుందో అరకు కాఫీ చూపించింది. ఆర్వీ నగర్‌లో కాఫీ పరిశోధన కేంద్రం, చింతపల్లిలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నాయి. ఏ మొక్క వేయాలి, నీడకు ఏ చెట్టు పెంచాలి, పండు ఎప్పుడు కోయాలి అనే జ్ఞానం రైతు దగ్గరికి చేరింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకప్పుడు పోడు తప్ప వేరే దారి లేదనుకున్న చోట ఇప్పుడు పారిస్‌లో అమ్ముడయ్యే కాఫీ పండుతోంది.

విక్రమదేవ్ లాంటి రాజులు ఇప్పుడు లేరు, రానక్కర్లేదు కూడా. కానీ ఆయన నుంచి మన సంఘాలు, జమాత్‌లు నేర్చుకోవాల్సింది ఒకటుంది. మనం చదువు కోసం ఇచ్చేది ఎక్కువగా ఒక్కసారి ఇచ్చి మర్చిపోయేది. రంజాన్‌లో ఇస్తాం, జూన్‌లో ఫీజు కట్టే రోజుకు చేతిలో ఉండదు. ఆయన ఇచ్చింది ఏటా వచ్చేది. సంస్థకు అది ధైర్యం. పది ఇళ్ళు కలిసి ఒక ఇంటి అద్దెను కట్టేసి, దాని మీద ఒక అమ్మాయి హాస్టల్ ఖర్చు ప్రతి ఏడాదీ నడిపితే చాలు. అది లక్ష కాకపోవచ్చు. నాలుగేళ్ళు ఆగకుండా వస్తే ఒక డిగ్రీ పూర్తవుతుంది.

ఈసారి ఏయూ సైన్స్ కాలేజీ ముందు నుంచి వెళ్తే మీ పిల్లలకు దాని పాత పేరు చెప్పండి. ఆ పేరులో ఉన్న జయపురం అరకు అవతల ఉందని, ఆ కాలేజీ మొదటి లేబొరేటరీల వెనక కొండ జనం కష్టం ఉందని కూడా కలిపి చెప్పండి.